హైదరాబాద్ కథలు చెప్పుకోవడానికి నెలనెలా కూడిక: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరితో చెప్పించాలి?

లైబ్రరీ మెట్లు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది బాగ్‌లింగంపల్లి. మా చుట్టుపక్కల కొన్ని కుటుంబాల వాళ్లం కలిసి నెలకో ఆదివారం ఊరి కథలు చెప్పుకునే కూడిక పెట్టుకుందామని అనుకుంటున్నాం. పొద్దున్నే ఒక చోటు చూడటం, తర్వాత అక్కడే ఎక్కడైనా నీడన కూర్చుని ఆ చోటు సంగతి తెలిసినవాళ్లు చెబుతుంటే వినడం.

మా పిల్లలు మెట్రో స్టేషన్లన్నీ వరసగా అప్పజెబుతారు. మూసీ ఎటు నుంచి ఎటు పారుతుందో మాత్రం తెలియదు. పిల్లలననడం ఎందుకు, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లకే చాలామందికి తెలియదు.

ఈమధ్య పాతబస్తీలో ఒక హెరిటేజ్ వాక్‌కి వెళ్లాను. నడిపినతను మైకు పట్టుకుని తారీఖులు గబగబా చెప్పుకుంటూ పోయాడు. పక్కనే గాజుల కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన ఏదో చెప్పబోతే ఎవరూ ఆగలేదు. ఆయన ఏం చెప్పేవారో అని ఇప్పటికీ అనిపిస్తోంది. మా కూడికలో అలా జరగకూడదు.

మొదటిది ఎక్కడ పెడితే బాగుంటుంది? చెప్పేవాళ్లను ఎలా వెతకాలి? ఇలాంటివి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి.

---

చింతచెట్టు నీడ

నా ఓటు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టుకు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఊళ్లో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు, 15 వేలు అన్న లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఆయన రుబాయీలు (నాలుగు పాదాల పద్యాలు) చదివేముందు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ప్రతి పాదం వేరేలా వినిపిస్తుంది.

అక్కడ నిలబడితే ఊరి మిగతా కథకు దారి దానంతట అదే దొరుకుతుంది. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఇచ్చిన ప్రణాళిక ప్రకారమే ఎగువన రెండు జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, రోడ్లు వెడల్పయ్యాయి, పత్తర్‌గట్టీ రాతి దుకాణాలు లేచాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని అంటుంటాం కదా, ఆ గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, పుట్టిందే ఆ వరద వల్ల. పిల్లలకు ఇది చెబితే కొళాయి తిప్పినప్పుడల్లా గుర్తుంటుంది.

ఒక్క మాట. అది రోగులు తిరిగే చోటు. పదిమంది వెళ్లండి, మైకు వద్దు, ముందుగా అక్కడి వాళ్లను అడిగి వెళ్లండి.

---

మోండా మార్కెట్

ఏటా సెప్టెంబర్ 28న ఆ చెట్టు దగ్గర చనిపోయినవాళ్లను తలుచుకుంటూ సభ జరుగుతుంది. మీ కూడిక ఆ నెలలో పడితే వాళ్లతో కలవండి, వేరుగా పెట్టక్కర్లేదు.

---

దబీర్‌పురా వాసి

మీ ఉద్దేశం మంచిదే. అయినా మా వైపు నుంచి ఒక మాట వినండి.

ఆదివారం తెల్లారేసరికి మా గల్లీలోకి కెమెరాలతో గుంపులు వస్తాయి. మా అమ్మ తలుపు దగ్గర బియ్యం ఏరుకుంటుంటే ఫొటో తీసుకుంటారు, ఒక్కరూ అడగరు. గోడ మీద నాచు కూడా వాళ్లకు అందంగానే కనిపిస్తుంది. ఆ గోడ కారుతోందని ఎవరికీ పట్టదు. చరిత్ర చెప్పేవాడు బయటినుంచి వస్తాడు, వినేవాళ్లూ బయటినుంచే వస్తారు. మధ్యలో మేం బొమ్మల్లా ఉంటాం.

ఇంకోటి. మొహర్రం పదో రోజున బీబీ కా అలం (బీబీ ఫాతిమా పేరిట ఉన్న పీరు) ఏనుగు మీద మా దబీర్‌పురా నుంచి బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. దాన్ని కొందరు పండగ అని రాసి, నవ్వుతూ సెల్ఫీలు పెడతారు. మాకది సంతాపం. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఏడుపు. రావద్దని అనను, హిందువులు కూడా ఎందరో వచ్చి దట్టీలు కట్టి మొక్కుకుంటారు. దారి పొడవునా నీళ్లు, షర్బత్ ఇస్తాం, ఎవరు ఏ మతమని అడగం. వచ్చినవాళ్లు ఎవరింట్లోనో చావు జరిగితే ఎలా నిలబడతారో అలా నిలబడితే చాలు.

---

లైబ్రరీ మెట్లు

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ గల్లీకి మేం ఎప్పుడైనా వస్తే మీవాళ్లే చెప్పాలి, మేం కూర్చుని వినాలి. ఫొటోలు వద్దంటే వద్దు. అసలు రావాలా వద్దా అన్నదీ మీరే చెప్పండి.

---

పాత పటం

కొన్నేళ్లుగా ఇలాంటి కూడికలు నడుపుతున్నాను కాబట్టి పని జరిగే తీరు రాస్తాను.

మంది ఇరవై దాటితే అది ఊరేగింపు అయిపోతుంది. వెనకున్నవాళ్లకు వినపడదు, ముందున్నవాళ్లు ప్రశ్న అడగరు. ఎక్కువమంది వస్తామంటే రెండో జట్టు పెట్టండి. చార్మినార్ వైపు వెళ్లేటట్టయితే శుక్రవారం మధ్యాహ్నం వద్దు. రంజాన్ నెలలో మన సౌకర్యం కంటే వాళ్ల వేళలు ముఖ్యం. ఆడవాళ్లకు బాత్రూమ్ ఎక్కడుందో ముందు రోజే వెళ్లి చూసుకోండి. చాలా కూడికలకు ఆడవాళ్లు రెండోసారి రాకపోవడానికి కారణం కథలు బాగాలేక కాదు, ఇదే.

చెప్పేవాళ్లను వెతకడానికి తొందరపడకండి. ఒక చోటికి కూడిక ముందే వెళ్లి టీ తాగి రండి, మళ్లీ వెళ్లండి. ‘మీ ఏరియా చరిత్ర చెప్పండి’ అని అడిగితే ఎవరైనా బిగుసుకుపోతారు, లేదా పుస్తకంలో చదివింది ఒప్పజెబుతారు. చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు, ఈ కొట్టు కంటే ముందు ఇక్కడ ఏముండేది, పెళ్లి ఊరేగింపు ఏ దారిన వెళ్లేది అని అడగండి. ఇంట్లో పాత రేషన్ కార్డో, పెళ్లి పత్రికో, కరెంటు బిల్లో ఉంటే తెమ్మనండి. కాగితం చేతిలోకి రాగానే మనిషి మాట మారుతుంది. ఒకసారి ఒక పెద్దాయన పాత సినిమా టికెట్టు ముక్క పట్టుకుని ఆ వీధి మొత్తం దుకాణం దుకాణం చొప్పున చెప్పుకొచ్చారు, కళ్లు మూసుకునే.

---

కాచిగూడ కుర్రాడు

మొదటిది చార్మినార్ పెట్టండి, కులీ కుతుబ్‌షా, భాగమతి ప్రేమకథ చెప్పండి. పిల్లలకు అదే గుర్తుంటుంది. వరదలు, బోర్డులు అంటే నిద్రపోతారు.

---

పాత పటం

తమ్ముడూ, చార్మినార్ చూపించాల్సిందే, 1591లో ఊరు పుట్టింది అక్కడే. కానీ భాగమతి దగ్గర కాస్త ఆగాలి. ఆమె పేరు మీద నగరం వెలిసిందని ఆ కాలపు పారసీ చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. కుతుబ్‌షాహీల చరిత్ర రాసిన హరూన్ ఖాన్ షేర్వానీ అది కల్పిత కథ అన్నారు. నరేంద్ర లూథర్ గారేమో ఆమె నిజంగానే ఉందని వాదిస్తూ వచ్చారు. ఇంత చదివినవాళ్లే ఒక మాట మీద లేనప్పుడు మనం పిల్లలకు ఒకటే చెప్పి పంపడం ఎందుకు? మూడూ చెప్పండి. పదేళ్ల పిల్లలు కూడా పట్టుకుంటారు. పైగా ఎవరు సరైనవాళ్లో తేల్చుకోవడానికి వాళ్లలో వాళ్లు కొట్లాడుకుంటారు, నిద్రపోరు.

మా కూడికల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాతలో ఉన్నదైతే ఎక్కడ ఉందో చెప్పాలి. జనం నోట విన్నదైతే ‘అంటారు’ అనాలి. సొంత ఊహ అయితే అదే ఒప్పుకోవాలి. ఈ మూడూ కలిపేస్తే మరుసటి ఏడు మన మాటే చరిత్ర అని ఇంకొకరు ఎత్తుకుంటారు.

---

కాచిగూడ కుర్రాడు

సరే అన్నా, కొట్లాట అంటే నేనూ వస్తా. నేను భాగమతి వైపు.

---

తాళపత్రం

ఈ ఊరి కథ అనగానే నవాబులు, మహళ్లు, బిర్యానీ దగ్గరే ఆగిపోతాం. ఇక్కడి తెలుగు కథ ఎవరు చెబుతారు? నాకు దీని మీద చాలా పట్టుదల ఉంది, కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పురానాపూల్ 1578లో కట్టించిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించినవాడు. మన కవులు అతణ్ణి మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అతనికే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం యయాతి చరిత్ర. పొన్నగంటి తెలగన రాశాడు, అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరు అమీన్‌ఖాన్. ఇవాళ పటాన్‌చెరు అంటే ఫ్యాక్టరీలు, ట్రాఫిక్ జామ్. అక్కడ కూర్చుని నాలుగు పద్యాలు చదివితే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

ఇక కోఠి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పుట్టింది, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు పూనుకుని పెట్టారు. తెలుగులో చదువుకునే వీలే సరిగా లేని రోజుల్లో జనం అక్కడికి వచ్చి పత్రికలు చదివేవారు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, వాదన పెట్టుకోలేదు. ఊరూరా కవిత్వం తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు, 354 మంది కవులతో. మీ కూడికకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. లేరు అన్నచోట వెతికి పేర్లు రాసి పెట్టడమే.

ఒక కూడిక ఆ నిలయంలో పెట్టండి. మనిషికో పద్యం ఎంచుకుని చదవండి. రాగం రాకపోయినా ఫర్వాలేదు.

---

చింతచెట్టు నీడ

తాళపత్రం గారూ, పద్యాలు చదివేవాళ్లలో నా పేరు రాసుకోండి.

---

మోండా మార్కెట్

సికింద్రాబాద్ గురించి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా.

మా ఉజ్జయిని మహంకాళి కథ ఇంట్లో అమ్మమ్మలు చెప్పేది ఇలా. 1813లో ఊళ్లో కలరా. మిలిటరీలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. జబ్బు తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలబెడతానని అక్కడి అమ్మవారికి మొక్కాడు. తిరిగొచ్చాక 1815లో కట్టెతో చేసిన విగ్రహం పెట్టాడు. రాజు కాదు, మంత్రి కాదు, డోలీ మోసే మనిషి మొక్కు అది. ఇవాళ లష్కర్ (మా సికింద్రాబాద్) బోనాలకు లక్షల మంది వస్తారు. పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఆషాఢంలో వరస గోల్కొండతో మొదలు. తర్వాత లష్కర్, ఆ తర్వాత లాల్‌దర్వాజ. బోనం మర్నాడు సోమవారం రంగం. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. అది చూడటానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు ఏదైనా ఒక ఇంట్లో బోనం తయారవడం చూడండి. కుండ కడిగి, పసుపు పూసి, వేపాకు కట్టి, లోపల అన్నం పెట్టి, పైన దీపం పెట్టేదాకా ఇంటి ఆడవాళ్లు ఒకళ్లకొకళ్లు ఏం చెప్పుకుంటారో వినండి. ఎవరి అత్తగారు ఎలా చేసేది, ఏ ఏడాది వాన వల్ల దీపం కొండెక్కింది, అన్నీ అక్కడే వస్తాయి. గుడి దగ్గర తోపులాట తప్ప ఏం వినపడదు.

సంక్రాంతి తర్వాత కొమురవెల్లి మల్లన్న దగ్గర పట్నం వారం కూడా చూడండి. మన నగరం వాళ్లు పోయి బోనాలు చేసి పెద్దపట్నం (రంగుల పొడుల ముగ్గు) వేయించి అగ్నిగుండాలు తొక్కుతారు. నగరం కథ నగరంలోనే ఉండాలని లేదు. అక్కడ ఒగ్గు పూజారులు పాడే కథ ఒక్కసారి నిదానంగా కూర్చుని వినండి. తర్వాత వాళ్లను మీ దగ్గరికి పిలిస్తే డబ్బు ఇచ్చే పిలవండి. ‘ప్రచారం వస్తుంది’ అని వట్టి చేతులతో పంపడం తప్పు. వాళ్లకు అదే బతుకు.

---

కోఠి కబుర్లు

డబ్బు మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. కథ చెప్పిన పెద్దవాళ్లకు శాలువా కప్పి ఫొటో దిగుతారు, ఆటో ఖర్చు మాత్రం ఎవరూ అడగరు. శాలువా లేకపోయినా సరే, వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఎవరో ఒకరు తీసుకొచ్చి దింపండి.

నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివాను. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, 1803లో అప్పటి రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె పరదా వదిలి బయటికి వచ్చి ఆ భవనం చూడలేదు కాబట్టి అచ్చం అలాంటి చిన్న నమూనా తోటలో కట్టించాడని చెబుతారు. మేం అక్కడ మూడేళ్లు టిఫిన్లు తిన్నాం, మాకెవరూ ఈ సంగతి చెప్పలేదు. మౌలాలి గుట్ట కింద మహ్‌లఖాబాయి చందా సమాధి ఉంది. ఉర్దూలో సొంత దివాన్ (కవితల సంపుటి) ఉన్న తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు, 1824లో పోయింది. అక్కడ కూర్చుని ఆమె గజల్ ఒకటి చదివించాలని నా కోరిక.

కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరు. మీరు ఆదివారం పొద్దున అన్నారు. ఇల్లు నడిపే ఆడవాళ్లకు ఆదివారం పొద్దున వారంలో అన్నిటికంటే బరువైన పూట. కథలు ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే. అందుకే మీ కూడికల్లో చెప్పేవాళ్లంతా రిటైరైన మగవాళ్లే అయిపోతారు. మూడు నెలలకు ఒక్కటైనా మామూలు రోజు మధ్యాహ్నం, మూడింటికి, ఎవరో ఒకరి ఇంట్లో పెట్టండి. మగవాళ్లు లేకుండా. మా అత్తయ్య 1948లో సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల గురించి మావయ్య ఉన్నంతసేపూ ‘నాకేం తెలుసు’ అనేది. ఆయన అలా బయటికి వెళ్లగానే గంటసేపు చెప్పింది. ఎవరింట్లో ఎవరు దాక్కున్నారు, పిండి ఎక్కడ దొరికింది, ఏ నగ ఎక్కడ పాతిపెట్టారు, ఒక్కటీ మర్చిపోలేదు.

---

లైబ్రరీ మెట్లు

అక్కా, మధ్యాహ్నం కూడిక ఖాయం. మా ఇంట్లోనే పెడతాం. నేను పిల్లల్ని తీసుకుని పార్కుకు వెళతాను.

---

నిన్నమొన్న వచ్చాను

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగానికి వచ్చి మణికొండలో ఉంటున్నా. మీ అందరి మాటలు చదువుతుంటే ముచ్చటగా ఉంది, కొంచెం బెరుగ్గానూ ఉంది. మాలాంటివాళ్లు ఇలాంటి కూడికలకు వచ్చి వినడమేనా, చెప్పడానికి ఏమైనా ఉంటుందా?

---

దబీర్‌పురా వాసి

ఎందుకుండదు తమ్ముడూ? మా తాతలు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. బార్కస్‌లో అరబ్బులు, బేగంబజార్‌లో మార్వాడీలు, ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, వాళ్ల మర్ఫా దరువు లేకుండా ఇక్కడ బరాత్ కదలదు. మీరు మణికొండలో దిగినప్పుడు అక్కడ ఏ రాళ్లు, ఏ పొలాలు ఉండేవో రాసి పెట్టండి. ఇంకో పాతికేళ్లకు అడగడానికి జనం వస్తారు.

---

పాత పటం

దీనికి తోడు ‘లైబ్రరీ మెట్లు’ గారికి ఒక ప్రశ్న. ఉస్మానియా ఆస్పత్రి, చార్మినార్, కోఠి అంటున్నాం. మీ బాగ్‌లింగంపల్లి సంగతి? పక్కనే ఆజామాబాద్ ఇండస్ట్రియల్ ఏరియా, అందులో పనిచేసిన కార్మికులు రాంనగర్ గల్లీల్లో ఇంకా ఉన్నారు. మీ దగ్గరే సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అందులో పాత ఉర్దూ పుస్తకాల పెద్ద సేకరణ. 2000 ఆగస్టులో వచ్చిన వరదకు నీళ్లు అందులోకి చేరి ఎన్నో పుస్తకాలు తడిశాయి. ఆ వరద చూసినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, వాళ్లు ఇంకా పెద్ద ముసలివాళ్లు కూడా కాలేదు. మొదటి కూడికకు బస్సెక్కడం దేనికి?

---

చింతచెట్టు నీడ

ఇది నాకు తట్టలేదు. 2000 వరద మీ వీధిలో విని, మరుసటి నెల 1908 చెట్టు దగ్గరికి రండి. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో గోడ మీద సుద్దముక్కతో పిల్లలతోనే గీయించండి.

---

తాళపత్రం

బాగుంది. రికార్డింగ్ సంగతి కూడా ఇప్పుడే అనుకోండి. ఫోను ఆన్ చేసేముందు అడగాలి. మధ్యలో ఎవరైనా ‘ఇది వద్దు’ అంటే అక్కడికక్కడే చెరిపేయాలి. చెప్పినవారికి ఒక కాపీ ఇవ్వాలి, అది వాళ్ల ఇంటి ఆస్తి. రికార్డు చేసిన వారంలోపే ఎవరు చెప్పారు, ఏ వీధి, ఏ రోజు అని తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టకపోతే ఆ ఫైలు ఎవరికీ పనికిరాదు.

---

లైబ్రరీ మెట్లు

నిన్న మా వాళ్లందరం కూర్చున్నాం. మొదటి కూడిక మా వీధిలోనే, 2000 వరద మీద. కింది అంతస్తులో అప్పుడు ఉన్న ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు ఇస్త్రీ బండి నడిపే ఆయన, మొన్నటిదాకా నేను ఆయనతో బట్టల లెక్క తప్ప ఏం మాట్లాడలేదు. ఆజామాబాద్‌లో పనిచేసిన ఒక తాతగారు తన పాత గేటు పాసు తెస్తానన్నారు. రెండోది చింతచెట్టు. మూడోది కోఠి అక్క చెప్పిన మధ్యాహ్నం కూడిక. తర్వాత భాషా నిలయంలో పద్యాలు, తాళపత్రం గారు పుస్తకాలు తెస్తామన్నారు. ఆషాఢం వచ్చేసరికి మోండా మార్కెట్ గారు ఏ ఇంటికి రమ్మంటే ఆ ఇంటికి. రుసుం లేదు, చెప్పేవాళ్ల రాకపోకలకు మేమే తలా కొంత వేసుకుంటాం.

చార్మినార్ వైపు మాత్రం ఇంకా ఏమీ అనుకోలేదు. దబీర్‌పురా అన్న మాట కోసం చూస్తున్నాం.

---

దబీర్‌పురా వాసి

ఇంట్లో అడిగాను. పదిమందికి మించకుండా రండి. ముందు బాద్‌షాహీ ఆశూర్‌ఖానా (మొహర్రంలో అలాలు నిలిపే చోటు) చూద్దాం. కుతుబ్‌షాహీల కాలం నాటిది, లోపల గోడ నిండా రంగు పలకలు. కొన్నిచోట్ల పలక బదులు రంగు పూసి ఉంటుంది. 1908 వరదకు దెబ్బతిన్నవి అవి. చింతచెట్టు చూసి వస్తారు కాబట్టి మీ పిల్లల్ని ఏది పలకో ఏది పూతో కనిపెట్టమందాం. అక్కడినుంచి మా ఇంటికి. మా మామయ్య చెబుతారు, ఆయన దక్కనీలో మాట్లాడితే నేను తెలుగులో చెబుతాను. తర్వాత మీలో ఎవరైనా ఒకరు మీ వీధి కథ మాకు చెప్పాలి, మావాళ్ల షరతు ఇదే. బండ్లు మదీనా చౌరస్తా దగ్గరే పెట్టి నడిచి రండి, గల్లీలో తిప్పడానికి జాగా ఉండదు. ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారో రెండు రోజుల ముందు చెబితే మా అక్క పైగది ఖాళీ చేయిస్తుంది.